టెస్టర్ ఓటమి వెనకున్న కథ

2024 నవంబరులో అమెరికాలోని మోంటానా రాష్ట్రం నుంచి సెనేటర్‌గా ఉన్న డెమోక్రాట్ జాన్ టెస్టర్ రిపబ్లికన్ అభ్యర్థి టిమ్ షీహీ చేతిలో సుమారు 7 శాతం ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే రోజు అక్కడ ట్రంప్ దాదాపు 20 శాతం ఆధిక్యంతో గెలిచారు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అలాంటిచోట ఓ డెమోక్రాట్ అంతకుముందు వరసగా మూడుసార్లు నెగ్గడమే వింత.

టెస్టర్‌ది బిగ్ శాండీ. గోధుమ పండే మెట్ట ప్రాంతంలో చిన్న ఊరు. తాతల నాటి పొలం, ఇంటిదగ్గరే మాంసం కొట్టు. తొమ్మిదేళ్లప్పుడు ఖీమా కొట్టే మిషన్‌లో పడి ఎడమచేతి మధ్య వేళ్లు మూడూ పోయాయి. ట్రంపెట్ మీటలు కుడిచేత్తో నొక్కుతారు గనక ఆ వాయిద్యం పట్టారు. సంగీతంలో డిగ్రీ చేసి కొన్నాళ్లు ఊరి బడిలో పాఠాలు చెప్పారు, తర్వాత సేద్యమే.

రాజకీయాల్లోకి దింపింది కరెంటు. 1997లో రాష్ట్ర చట్టసభ విద్యుత్ రంగంపై నియంత్రణ ఎత్తేసింది. మోంటానా పవర్ కంపెనీ తన డ్యాములు అమ్మేసి టెలికాం వ్యాపారంలోకి దూకింది, 2003కల్లా దివాలా తీసింది. జనానికి మిగిలింది పెరిగిన చార్జీలు. ఆ చట్టం మీద మంటతోనే 1998లో రాష్ట్ర సెనేట్‌కి నిలబడి గెలిచారు. 2006లో అప్పటి రిపబ్లికన్ సెనేటర్ కాన్రాడ్ బర్న్స్‌ని సుమారు 3,500 ఓట్లతో ఓడించి వాషింగ్టన్‌లోని జాతీయ సెనేట్‌కి చేరారు.

అక్కడికెళ్లినా సేద్యం మానలేదు. పొలంలో పెంచిన పశువుల మాంసాన్ని విమానంలో వెంట తీసుకెళ్లి వండుకునేవారు. 2010 ఆహార భద్రత చట్టంలో, ఏటా 5 లక్షల డాలర్ల లోపు అమ్మకాలుండి దగ్గర్లోనే అమ్ముకునే చిన్న రైతులకు దాని నిబంధనల నుంచి మినహాయింపు ఇప్పించారు. మరుసటి ఏడాది మోంటానా పరిసరాల తోడేళ్లను రక్షిత జీవుల జాబితా నుంచి తీయించారు. పశువుల కాపర్లు సంతోషించారు, పర్యావరణవాదులు మండిపడ్డారు. ఒబామా ఆరోగ్య చట్టానికి మాత్రం పార్టీతోపాటే ఓటేశారు.

నిజానికి మొదటి రెండుసార్లూ ఆయనకు సగం ఓట్లు రాలేదు, ప్రభుత్వ జోక్యం తక్కువుండాలనే చిన్న పార్టీ లిబర్టేరియన్లు కొన్ని చీల్చుకున్నారు. 2018లో ట్రంప్ పనిగట్టుకుని నాలుగుసార్లు వచ్చి ప్రచారం చేసినా 50 శాతం దాటారు. అధ్యక్షుడిగా రిపబ్లికన్‌కి, సెనేటర్‌గా ఊరి మనిషికి ఓటేసే అలవాటు అప్పటికింకా మిగిలి ఉంది. ఆరేళ్లలో అది పోయింది. నా దృష్టిలో ఆయన మారలేదు, ఓటరు చూసేది మారింది, మనిషిని కాదు పార్టీ గుర్తుని. అదే ఎన్నికల్లో ఒహాయో రాష్ట్రంలో డెమోక్రాట్ సెనేటర్ షెరాడ్ బ్రౌన్ కూడా ఓడిపోయారు. 2016, 2020, 2024 అధ్యక్ష ఎన్నికలు మూడింటిలోనూ ట్రంప్‌కే ఓటేసిన రాష్ట్రాలన్నీ కలిపి చూసినా, 2025 జనవరిలో కొలువుదీరిన సెనేట్‌లో ఒక్క డెమోక్రాట్ లేరు.