పెనం మీద ఆ రెండో చెంచా నూనె

మా అక్క కూతురు సెలవులకి గుంటూరు వచ్చిందంటే రెండో రోజు పొద్దున్నే "పిన్నీ, పాన్‌కేక్స్ చెయ్యవా" అని మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే పక్క పొయ్యి మీద మా అమ్మ ఇనప మూకుడులో దిబ్బరొట్టె వేస్తుంటుంది. ఈసారి అక్క ఫోన్లో ముందే చెప్పేసింది, దానికి వెన్నా చక్కెరా ఎక్కువ పెట్టొద్దని. సరే కదా అని వెన్న మొత్తం మానేసి చేశాను. హవాయి చెప్పుల అడుగుల్లా వచ్చాయి. పిల్ల నా మొహం చూసి ఒకటి తిని, మెల్లగా వాళ్ల అమ్మమ్మ పక్కకి చేరి దిబ్బరొట్టె ముక్క అడిగింది.

వెన్న తీసేశాను గానీ, అది అక్కడ ఏం పని చేస్తోందో, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తారో ఆలోచించలేదు. తప్పంతా అక్కడే.

మైదాలో నీళ్లో పాలో పడగానే దానిలోని ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా తయారవుతాయి, దాన్నే గ్లూటెన్ అంటారు. పరోటాకి అది ఎంత కావాలో పాన్‌కేక్‌కి అంత అక్కర్లేదు. కొవ్వు ఆ ప్రొటీన్లకి పూతలా పట్టి వల మరీ బిగుసుకోకుండా ఆపుతుంది. కాబట్టి వెన్న తగ్గించినప్పుడు ఆ మెత్తదనం ఇంకో దారిలో రావాలి. అన్నిటికంటే చవకైన దారి, పిండి తక్కువ కలపడం. గరిటెతో పదిహేనుసార్లు తిప్పి, ఉండలు కనిపిస్తున్నా వదిలెయ్యండి, పెనం మీద అవే సర్దుకుంటాయి. నేను మొదటిరోజు మిక్సీలో వేశాను. ఇంకేముంది.

రెండో దారి అరటిపండు. బాగా మగ్గి తొక్క మీద నల్ల మచ్చలు వచ్చిన చక్కెరకేళి ఒకటి మెదిపి వేస్తే, దాని గుజ్జు నీటిని పట్టి ఉంచి అట్టుని ఎండిపోనివ్వదు. పైగా కాయలో ఉన్న పిండిపదార్థం పండే కొద్దీ చక్కెరగా మారి ఉంటుంది కాబట్టి పైనుంచి చక్కెర అంతగా వెయ్యక్కర్లేదు. మూడోది పెరుగు. పుల్లటి పెరుగుని మజ్జిగ చేసి పాల బదులు పోస్తే, అందులోని ఆమ్లం వంటసోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది, అట్టు పొంగుతుంది. కప్పు పిండికి పావు టీస్పూను సోడా చాలు. ఎక్కువైతే మిగిలిపోయిన సోడా సబ్బు రుచి ఇస్తుంది, రంగు కూడా తొందరగా నల్లబడుతుంది.

సగం మైదా తీసి గోధుమపిండి వేసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. గోధుమపిండిలో తవుడు ఉంటుంది, అది నీళ్లు ఎక్కువ తాగుతుంది, అదీ నిదానంగా. అందుకే పిండీ మజ్జిగా ముందు కలిపి పది నిమిషాలు పక్కన పెట్టి, సోడా మాత్రం పెనం వేడెక్కాక చివర్లో కలపాలి. ముందే వేస్తే గ్యాసంతా గిన్నెలోనే పోతుంది. జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు, దానితో ఒక్కటే చేస్తే తిరగేసేటప్పుడు విరిగిపోతుంది, గుడ్డు పడాల్సిందే. గుడ్డు అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పచ్చసొన తీసేసి తెల్లసొనే వేసే పద్ధతి నాకు నచ్చదు. ఒక సొనలో ఉండే కొవ్వు ఐదు గ్రాముల లోపే, అది నలుగురికి చేసే పిండిలో కలిసిపోతుంది, తీసేస్తే మాత్రం నమిలితే కిర్రుమనే అట్లు వస్తాయి.

ఇంతా చేసి, పిండిలో మిగుల్చుకున్నది పెద్ద మొత్తమేం కాదు. అసలు లెక్క పెనం మీద ఉంది.

ఒక టీస్పూను నూనె అంటే దాదాపు నాలుగున్నర గ్రాములు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, అదే పిండిపదార్థానికైనా ప్రొటీనుకైనా 4. మన ఇళ్లల్లో పెసరట్టుకి అడుగున ఒక చెంచా, అంచుల చుట్టూ ఇంకో చెంచా వేస్తాం కదా, మూడు అట్లు తింటే ఆరు చెంచాలు, అంటే సుమారు 27 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి నూనే నెయ్యీ అన్నీ కలిపి చెప్పిన కొలత కూడా 27 గ్రాములే. టిఫిన్‌తోనే కోటా అయిపోయింది, ఇంకా పప్పులో తాలింపు ఉంది, వేపుడు ఉంది, సాయంత్రం పునుగులున్నాయి. నెయ్యి వేస్తే తగ్గుతుందేమో అనుకోవద్దు, గ్రాముకి గ్రాము రెండూ దాదాపు ఒకటే.

అడుగున వేసే మొదటి చెంచా ఎందుకంటే, పైకి నున్నగా కనిపించినా పెనం నిండా కంటికి కనపడని గుంతలుంటాయి. వాటిలోకి పిండి దిగి పట్టేసుకోకుండా నూనె ఆ గుంతల్ని నింపుతుంది. ఏళ్ల తరబడి వాడిన ఇనప పెనం నల్లగా మెరుస్తుంటుంది చూడండి, అది మసి కాదు, పాత నూనె వేడికి గట్టిపడి ఇనుముకి అతుక్కున్న పలచటి పొర. ఆ గుంతలు చాలామటుకు అప్పటికే నిండిపోయాయన్నమాట. అలాంటి పెనానికి నాలుగు చుక్కలు చాలు, సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దితే అంతకంటే ఎక్కువ అంటదు. పోయిన దసరాకి ఇల్లు సర్దడానికి వచ్చినావిడ మా పెనాన్ని పీచుతో తళతళలాడేలా తోమి పెట్టింది, ఆ తర్వాత నెల రోజులు ప్రతి అట్టూ చిరిగింది. అమ్మ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

పాన్‌కేక్‌కైతే తక్కువ నూనే అందం. నూనె మడుగులా ఉంటే అట్టు అడుగు ఒకచోట పెనానికి తగిలి ఒకచోట నూనె మీద తేలుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. తుడిచిన పెనం మీద ఒకే తీరుగా వస్తుంది. నీళ్ల చుక్క వేసి వేడి చూస్తాం కదా, సుయ్యిమని ఆవిరైపోతే ఒక రకం వేడి, గోళీలా గుండ్రంగా పరుగులు పెడితే ఇంకా చాలా ఎక్కువ వేడి. చుక్క కింద పుట్టిన ఆవిరే దానికి పరుపై దాన్ని పెనానికి తగలనివ్వదు. లీడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీని గురించి రాశాడు, మన అమ్మమ్మలు రాయలేదంతే. అరటిపండు వేసిన పిండికి చుక్క పరుగెడుతుంటే మంట తగ్గించాలి, లోపల పచ్చిగా ఉండగానే పైన మాడుతుంది.

అంచుల చుట్టూ వేసే రెండో చెంచా కరకరలాడడానికి. పెసరట్టుకి ఇది మానేసి రెండు నిమిషాలు మూత పెడితే పైభాగం ఆవిరికి ఉడికిపోతుంది, అడుగు మాత్రం ఎర్రగా కాలుతుంది. కరకర కొంచెం తగ్గుతుంది, అబద్ధం చెప్పను. అన్నట్టు, ఇక్కడ పొదుపు చేసి పక్కన గిన్నెడు పల్లీ చట్నీ పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వేరుశనగలో సగానికి దగ్గరగా నూనే. ప్రొటీన్ కూడా ఉంటుంది కాబట్టి మానెయ్యమనను, గిన్నె బదులు చెంచా కొలత పెట్టుకోమంటాను. అల్లం పచ్చడితో ఆ గొడవ తక్కువ. చక్కెర బదులు బెల్లం వేసి ఆరోగ్యం అనుకునేవాళ్లకీ ఒక మాట, రుచి బాగుంటుంది, కేలరీలు మాత్రం ఇంచుమించు అన్నే.

దిబ్బరొట్టె విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. నూనె సగం చేసి వేయించాను, లోపల ఇడ్లీలా బాగానే ఉడికింది, పైన ఆ ఎర్రటి పెచ్చు రాలేదు. రొట్టె అడుగూ పక్కలూ నూనెలో వేగితేనే ఆ పెచ్చు వస్తుంది, ఆ పని ఇంకేదీ చెయ్యదు. "నూనె లేకుండా దిబ్బరొట్టె ఏంటే, పెద్ద ఇడ్లీ అను" అంది అమ్మ. ఇప్పుడు మా ఇంట్లో అది ఆదివారాలే, మనిషికి ఒక ముక్క, చెరుకు పానకంతో. మిగతా రోజులు అరటిపండు పాన్‌కేక్స్. పిల్ల ఈసారి మూడు తింది, మూడోదాని మీద నేను చూడకుండా వాళ్ల అమ్మమ్మ నెయ్యి వేసింది.