ఫోన్‌లో కులం పేరుతో తిడితే కేసు నిలవదా? అపోహలు - వాస్తవాలు

తిరుపతి కోర్టులో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో బాధితుల వైపు పనిచేస్తున్నాను. ఒకప్పుడు నా దగ్గరకు వచ్చే గొడవలు బోరింగు దగ్గరో, గుడి ముందో మొదలయ్యేవి. ఇప్పుడు చాలావరకు ఫోన్‌లో మొదలవుతున్నాయి.

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక యానాది (ఎస్టీ) అమ్మాయి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి, కింద కులం పేరుతో నీచంగా రాశాడు ఒకడు. గ్రూపులో నూటికి పైగా ఉన్నారు. ఇది తప్పు అన్నవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల నాయన కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడి, "వదిలేద్దామా మేడమ్?" అన్నాడు. "వదిలేస్తే రేపు క్లాసుకు ఎట్ల పోయేదక్కా?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎదురుగా నిలబడి తిడితేనే అట్రాసిటీ కేసు.

కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఇలాంటి తిట్లకు వర్తిస్తాయి. అవమానించాలనే ఉద్దేశంతో, నలుగురి కంటపడే చోట, ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు అన్న మాట అయి ఉండాలి. ఆన్‌లైన్ కూడా నలుగురి కంటపడే చోటేనని 2022లో కేరళ హైకోర్టు ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇక రాతల ద్వారా ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొడితే 3(1)(యు) వేరేగా ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్పాలి. మీ ఒక్కరికే వచ్చిన మెసేజ్‌ను నలుగురూ చూశారని చెప్పలేం. అలాగే ఎస్సీ వ్యక్తిని తిట్టిన ప్రతి తిట్టూ ఈ చట్టం కిందికి రాదని, కులం కారణంగా చేసిన అవమానమై ఉండాలని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఫిర్యాదులో "నన్ను దూషించాడు" అని మర్యాదగా రాసి వదిలేయకండి. వాడిన మాట ఏదో, నోటికి రాకపోయినా, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టాలి. ఆ పిల్ల ఆ మాట రాయలేక మూడుసార్లు పెన్ను కింద పెట్టింది. నాలుగోసారి రాసింది.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంటే చాలు.

నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. ఆమె దగ్గర ఉన్నది కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఒక్కటే. తేదీ లేదు. నంబర్ లేదు, ఆమె సేవ్ చేసుకున్న పేరు మాత్రమే ఉంది. ఈలోపు వాడు మెసేజ్‌ను అందరికీ కనబడకుండా డిలీట్ చేశాడు. అదృష్టం కొద్దీ స్నేహితురాలొకతె అంతకుముందే స్క్రీన్ రికార్డింగ్ తీసి ఉంచింది. గ్రూపు తెరవడం, సభ్యుల జాబితా, వాడి నంబర్, ఆ మెసేజ్, టైము, అన్నీ ఆగకుండా ఒకే వీడియోలో ఉన్నాయి. కేసును నిలబెట్టింది అదే.

కాబట్టి చూసిన వెంటనే అలాంటి రికార్డింగ్ తీయండి. ఫేస్‌బుక్ పోస్టయితే లింకు కూడా కాపీ చేసుకోండి, ప్రొఫైల్ పేరు మార్చడం నిమిషం పని. కేసు నడిచినన్నాళ్లు ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఫోన్‌లోని రుజువుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో 'ఎ' భాగం ఫోన్ సొంతదారు, 'బి' భాగం నిపుణుడు సంతకం చేస్తారు. ఇది లేదని మంచి కేసులే చతికిలబడ్డాయి.

అపోహ: విచారణ చేశాకే పోలీసులు ఎఫ్‌ఐఆర్ కడతారు.

అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 18ఎ ప్రకారం ప్రాథమిక విచారణ అవసరం లేదు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, 14566 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. విధుల్లో కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి సెక్షన్ 4 కింద శిక్ష ఉందన్న సంగతి అర్జీలో ఒక వాక్యం రాస్తే మంచిది.

అపోహ: గ్రూపు అడ్మిన్‌ను కూడా లోపల వేయించొచ్చు.

అడ్మిన్ అయినంత మాత్రాన నేరం కాదు. వాడితో కలిసి చేశాడనడానికి ఆధారం కావాలి.

అపోహ: ఈశాన్య రాష్ట్రాల పిల్లలను ముఖం చూసి ఎగతాళి చేస్తే ఏ చట్టమూ లేదు.

ఏర్పేడు ఐఐటీకి అంత దూరం నుంచి వచ్చి చదివే పిల్లలున్నారు. ఆ రాష్ట్రాల వారిలో చాలామంది ఎస్టీలు. వాళ్ల మీద జరిగే నేరాలకు ఈ చట్టం వాడాలని కేంద్ర హోంశాఖ 2012లోనే రాష్ట్రాలకు రాసింది. ఎస్టీ కాకపోయినా, జాతి పేరుతో ద్వేషం రేపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 196 చూడొచ్చు.

అపోహ: మనవాళ్లందరం వాడి మీద పడితే దారికొస్తాడు.

కోపం న్యాయమే. నాకూ వస్తుంది. కానీ వాడి ఇంటి అడ్రసు, చెల్లెలి ఫొటో బయటపెట్టి, తిరిగి బూతులు రాసిన రోజున మన పిల్ల మీదే ఎదురు కేసు కడతారు. అలా రెండు కేసులు చేతులారా పోగొట్టుకున్నాం.

మనవాళ్ల బలం ఇంకోచోట కావాలి. ఎఫ్‌ఐఆర్ కట్టిన మరుసటి వారమే రాజీ మాటలు మొదలవుతాయి. "చిన్న పిల్లోడమ్మా, ఉద్యోగం రాకుండా పోతుంది, నీకూ రేపు పెళ్లి కావాలి కదా" అంటూ ఇంటికొస్తారు. ఒంటరిగా ఉన్న కుటుంబం అక్కడే చేతులెత్తేస్తుంది. అందుకే ఈ కేసులో సంఘం వాళ్లను నేను కోరింది వాడి వెంట పడమని కాదు, ఈమె పక్కన కూర్చోమని. స్టేట్‌మెంట్ రోజున ఆరుగురు ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్ తెచ్చుకుని స్టేషన్ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. ఒక్క నినాదం ఇవ్వలేదు. ఇంకో నలుగురు ప్రిన్సిపాల్‌ను కలిసి, క్లాసులో తీసుకునే చర్య ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మని అడిగారు. ఇచ్చేదాకా మూడుసార్లు వెళ్లారు. రాజీకి వచ్చినవాళ్లు ఆ ఇంట్లో అంతమందిని చూసి వాకిట్లోంచే వెనక్కి పోయారు.

కేసు ఇప్పుడు విచారణలో ఉంది. రికార్డింగ్ తీసిన అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంది, కానీ ప్రతి వాయిదాకూ బస్సు ఛార్జీలు ఎవరు పెడతారని వాళ్లమ్మ అడిగింది. ఈ చట్టం కింద వచ్చిన 1995 నిబంధనల్లో 11వ నిబంధన ప్రకారం సాక్షుల ప్రయాణ ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ అర్జీ కూడా రాసిచ్చాం.