చీనీ రసాన్ని కాచకుండా చిక్కబరచడం

అనంతపురం జిల్లాలో బోరు నీళ్లు తాగడానికి పనికిరాని ఊళ్లు చాలా ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు దెబ్బతింటాయి. అందుకే అలాంటి ఊళ్లలో జనం క్యాన్లు పట్టుకుని ఆర్‌ఓ ప్లాంటు దగ్గరికి పోతారు. ఆ ప్లాంటు నుంచి రెండు గొట్టాలు బయటికి వస్తాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో వదిలేసే నీళ్లు. వచ్చిన నీటిలో సగం మంచినీళ్లుగా బయటపడితే, రెండో గొట్టంలో ఫ్లోరైడు దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. అంటే ఆర్‌ఓ యంత్రం నీటిని శుద్ధి చేయడంతో పాటు ద్రావణాన్ని చిక్కబరిచే పని కూడా చేస్తోంది. పళ్లరసాలు, పాలు, జున్నునీరు (పాలు విరిచాక మిగిలే నీరు) చిక్కబరిచే పరిశ్రమలకు కావలసింది ఈ రెండో గొట్టమే. చీనీ (బత్తాయి) తోటలకు పేరుపడ్డ ఈ జిల్లాలో దాని గురించి తెలుసుకోవడం అవసరమని నా నమ్మకం.

నీటిని పోనిచ్చి, అందులో కరిగినవాటిని ఆపే పొరకు ఒకవైపు నీళ్లు, మరోవైపు చక్కెర ద్రావణం ఉంచితే, నీరు తనంతట తానే చక్కెర వైపుకు పోతుంది. ఇది ద్రవాభిసరణం. ఆ ప్రవాహాన్ని సరిగ్గా ఆపడానికి ద్రావణం మీద పెట్టవలసిన ఒత్తిడే ద్రవాభిసరణ పీడనం. అంతకు మించి ఒత్తితే నీరు వెనక్కి తిరిగి, ద్రావణంలోంచి బయటికి వస్తుంది. ఇదే రివర్స్ ఆస్మాసిస్, అంటే ఆర్‌ఓ. సిద్ధాంతం పాతదే అయినా, తగినంత వేగంగా నీటిని వదిలే పొర చాలాకాలం దొరకలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖలో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో ఆ చిక్కుముడి విప్పారు. వారు చేసిన సెల్యులోజ్ ఎసిటేట్ పొరలో పైన అతి పలచని గట్టి చర్మం, దాని కింద బోలుగా ఉండే ఆధారం ఉంటాయి; లవణాన్ని ఆపే పని చర్మానిది, ఒత్తిడిని తట్టుకునే పని ఆధారానిది. ఇప్పటి పాలీఅమైడ్ (ఒక రకం ప్లాస్టిక్) పొరలు కూడా ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి.

కాచి చిక్కబరచడంలో ఖర్చంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. 100 డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2257 కిలోజౌళ్ల వేడి కావాలి. పదిశాతం ఘనపదార్థం ఉన్న 1000 కిలోల చీనీ రసాన్ని తీసుకుందాం. దాన్ని 25 శాతానికి తేవాలంటే 600 కిలోల నీరు పోవాలి. మామూలుగా మరిగిస్తే దాదాపు 376 యూనిట్ల శక్తి అవుతుంది (ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు). అదే 1000 లీటర్లను 60 బార్ల (ఒక బారు అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ఒత్తిడికి తేవడానికి లెక్క ప్రకారం 1.7 యూనిట్లు చాలు; పంపుల నష్టాలు, రసాన్ని తిప్పే ఖర్చు కలిపి దాన్ని అయిదారు రెట్లు చేసుకున్నా పది యూనిట్లకు అటూ ఇటూగానే ఉంటుంది. ఒకసారి పుట్టిన ఆవిరితోనే తర్వాతి పాత్రను వేడిచేసే ఎవాపరేటర్లు వేడి ఖర్చును మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిస్తాయన్నది నిజమే. కరెంటు తయారీకే బోలెడు వేడి ఖర్చవుతుందన్నదీ నిజమే. ఈ రెండూ లెక్కలో వేసుకున్నా పొరదే పైచేయి.

అయితే పొరకు ఒక హద్దు ఉంది. ద్రవాభిసరణ పీడనం ద్రావణంలో ఉన్న పదార్థం బరువును బట్టి కాక, అణువుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. పాలలో ఘనపదార్థం పన్నెండు, పదమూడు శాతం ఉన్నా పీడనం ఏడు బార్ల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే వెన్న బిందువులు, కేసిన్ అనే పాల ప్రోటీన్ రేణువులు చాలా పెద్దవి కాబట్టి వాటి సంఖ్య తక్కువ. ఆ ఏడు బార్లూ దాదాపుగా లాక్టోజు (పాలలోని చక్కెర), లవణాల వల్లే వస్తాయి. చీనీ రసంలో పదిశాతమే ఘనపదార్థం ఉన్నా అది ఎక్కువగా చిన్న చక్కెరలు, ఆమ్లాలు కనుక పీడనం 14, 15 బార్ల దాకా పోతుంది. రసం 25 శాతానికి చేరేసరికి అది 40 బార్ల చుట్టుపక్కలకు వస్తుంది. 60 శాతం దగ్గర దాదాపు 200 బార్లు! మామూలు పరికరాలు అరవై, డెబ్బై బార్ల కోసం తయారవుతాయి. పైగా మనం పెట్టే ఒత్తిడికీ ద్రవాభిసరణ పీడనానికీ మధ్య తేడా ఎంత ఉంటే నీరు అంత వేగంగా వస్తుంది కాబట్టి, హద్దుకు దగ్గరపడేకొద్దీ ప్రవాహం సన్నబడుతుంది. అందుకే పళ్లరసాలను పొరతో పాతిక, ముప్పై శాతానికి మించి తీసుకుపోరు.

ఇక్కడే అసలు లాభం కనిపిస్తుంది. 1000 కిలోల రసాన్ని 60 శాతానికి తేవాలంటే మొత్తం 833 కిలోల నీరు పోవాలి. అందులో 600 కిలోలు 25 శాతం చేరేలోపే పోతాయి. గాఢత సగం దారి కూడా చేరకముందే తీయవలసిన నీటిలో నూటికి డెబ్బైరెండు వంతులు పొర తీసేస్తుంది. మిగిలిన 233 కిలోలకే ఎవాపరేటర్ కావాలి. కాబట్టి పొర పెట్టినంత మాత్రాన పొయ్యి మానెయ్యాలని కాదు, పొయ్యి పని నాలుగో వంతు చుట్టుపక్కలకు తగ్గుతుందన్నమాట.

రుచి విషయంలో కూడా తేడా ఉంది. పిండిన చీనీ రసం కాసేపటికి చేదు తిరుగుతుంది. ఆమ్లంలో లిమొనిన్ అనే పదార్థం ఏర్పడడం దీనికి కారణం, వేడి తగిలితే ఆ పని మరింత త్వరగా జరుగుతుంది. పొర ఈ చేదును తీసేయదు, దానికి వేరే శుద్ధి కావాలి. అయితే గది ఉష్ణోగ్రతలో పని జరుగుతుంది కాబట్టి ఉడికిన వాసన రాదు, విటమిన్ సి ఎక్కువగా నిలుస్తుంది. సువాసననిచ్చే చిన్న అణువుల్లో కొన్ని మాత్రం నీటితో పాటు పొర దాటి పోతాయి.

యంత్రం దగ్గర నిలబడి చూస్తే పెద్ద తలనొప్పి గుజ్జుతోనే. పొరలను చాపలా చుట్టి గొట్టంలో పెడతారు. మధ్యలో జల్లెడలాంటి వల ఉంటుంది. గుజ్జు, పెక్టిన్ అనే పండు జిగురు ఆ వలలో చిక్కుకుంటే ప్రవాహం ఆగిపోతుంది కాబట్టి, రసాన్ని ముందే సెంట్రిఫ్యూజ్‌తోనో సన్నటి వడపోతతోనో తేట చేయాలి. నీరు పోయినకొద్దీ పొర ఉపరితలాన చక్కెర పేరుకుని అక్కడి పీడనం మిగతా రసంలోకన్నా పెరుగుతుంది. అందుకే రసాన్ని పొర వెంబడి వేగంగా పారించి ఆ పేరుకున్నదాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చాలి. ఊరి నీళ్ల ప్లాంటులో కథ వేరు: అక్కడ ద్రవాభిసరణ పీడనం ఒకటి, రెండు బార్లే, హద్దు పెట్టేది సున్నపు గార. పొర మీద కాల్షియం లవణాలు గట్టిపడతాయన్న భయంతోనే అంత నీటిని వదిలేస్తారు.

వర్షం తక్కువ పడే ఈ జిల్లాలో చీనీ ఫ్యాక్టరీ ఆర్‌ఓ పెడితే, టన్ను రసానికి వచ్చే 600 లీటర్ల నీటిని కాయలు కడగడానికో, యంత్రాలు శుభ్రం చేయడానికో వాడుకోవచ్చు. పొరలను ఒకటికి ఒకటి చేర్చుకుంటూ పోవచ్చు కాబట్టి చిన్న రైతు సంఘం కూడా కొద్దిగా మొదలుపెట్టగలదు. సీజన్ అయిపోయాక కూడా జాగ్రత్త పడాలి. పొరలను పలచని కాస్టిక్ సోడాతో కడిగి, సుమారు 1 శాతం సోడియం మెటాబైసల్ఫైటు ద్రావణంలో తడిగా ఉంచాలి; ఒక్కసారి ఎండితే అవి మళ్లీ మునుపటంత నీటిని వదలవు. క్లోరిన్ కలిసిన నీటితో మాత్రం ఎప్పుడూ కడగకూడదు, అది పాలీఅమైడ్‌ను తినేస్తుంది.