పదివేలలో నాలుగు పాళ్లు: రెండు అభ్యంతరాల వెనుక చరిత్ర

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్పూర్ పట్టణాలకు బొగ్గు గనుల పని మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మే నెల మాటలన్నీ ఎండ చుట్టూనే తిరుగుతాయి. ఉష్ణోగ్రత 46, 47 డిగ్రీలు దాటిన రోజున ఆ మాట థర్మల్ కేంద్రం పొగగొట్టాల మీదికి, అక్కడి నుంచి కార్బన్ డయాక్సైడ్ మీదికి మళ్లుతుంది. అప్పుడు రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే ఉన్న వాయువు ఇంత వాతావరణాన్ని ఎలా వేడెక్కిస్తుందన్నది ఒకటి. అది పట్టుకోగల వేడినంతా ఇప్పటికే పట్టేసుకుంది కాబట్టి ఇకపై ఎంత పెరిగినా ఒరిగేదేమీ లేదన్నది రెండోది. ఒకటి చాలదంటుంది, మరొకటి చాలా ఎక్కువైందంటుంది. రెండూ ఒకరి నోటే, ఒకే పూట వినడం నాకు అనుభవమే. వీటిలో రెండోదానికి వయసు నూరేళ్ల పైమాట. మొదటిదానికి జవాబు అంతకు ముందే దొరికింది.

చరిత్రలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పుకోవాలి. చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల కేంద్రం ఉన్నంత మాత్రాన ఆ ఊరి మధ్యాహ్నపు ఎండ దాని కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చింది కాదు. సముద్రానికి దూరంగా, పొడిగాలుల దారిలో ఉన్న ఆ నేల వేసవిలో వేడెక్కడం పాత సంగతే. గొట్టం నుంచి పైకి లేచేటప్పుడు కంటికి కనిపించేది బూడిద, ఆవిరి. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, అది ఒక్క ఊరి మీద నిలిచిపోకుండా ప్రపంచమంతటి గాలిలో కలిసిపోతుంది.

భూమి ఎండను పుచ్చుకుని, ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా తిరిగి ఆకాశంలోకి విడుస్తుందనీ, ఆ విడుదలకు వాతావరణం అడ్డుపడుతుందనీ 1824లో ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే ఊహించాడు. ఏ వాయువు అడ్డుపడుతుందో అతనికి తెలియదు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ గాజు గొట్టాలను ఎండలో పెట్టి చూసినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కి, నీడలోకి తెచ్చాక ఎక్కువసేపటికి గానీ చల్లారలేదు. అయితే ఆమె పరీక్షించింది ఎండ వేడిని. నేల విడిచే, కంటికి కనిపించని ఆ పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాల సంగతి తేల్చినవాడు జాన్ టిండాల్. 1859 నుంచి లండన్‌లో అతను చేసిన కొలతల్లో, గాలిలో దాదాపు అంతా తామే అయిన నత్రజని, ఆక్సిజన్ ఆ కిరణాలకు అడ్డే కాలేదు. కొద్దిపాటి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం గట్టిగా అడ్డుకున్నాయి. మబ్బు పట్టిన రాత్రి మిద్దె మీద ఉక్కపోయడం, మబ్బులేని పుష్యమాసపు రాత్రి వణికించడం ఎరిగిన వారికి ఈ ఫలితం వింతగా తోచదు.

మొదటి అభ్యంతరానికి జవాబు ఇక్కడే ఉంది. వేడికి దారి ఇచ్చే తొమ్మిదివేల తొమ్మిదివందల పైచిలుకు పాళ్లను లెక్కలోకి తెచ్చి, అడ్డుపడే నాలుగు పాళ్లను చిన్నవి చేయడం సరికాదు. అడ్డుపడేది మొత్తం ఎంత ఉందో చూడాలి. ఒక చదరపు మీటరు నేల మీద సుమారు పది టన్నుల గాలి నిలిచి ఉంటుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ఆరున్నర కిలోలు. దాన్ని విడదీసి నేల దగ్గరి ఒత్తిడిలో పరిస్తే మూడు మీటర్లకు పైగా మందం వస్తుంది, అంటే మన ఇళ్ల గది ఎత్తు. బకెట్ నీళ్లలో చిటికెడు నీలిమందు సంగతి కూడా చెప్పవచ్చు గానీ పోలిక ఋజువు కాదు. ఈ లెక్కే నయం.

1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్, చంద్రుడి నుంచి వచ్చే పరారుణ కిరణాల కొలతలను ఆధారం చేసుకుని, ఈ వాయువు రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని చేత్తో లెక్కవేశాడు. నాలుగేళ్లకే అదే దేశంవాడైన క్నూట్ ఆంగ్‌స్ట్రామ్ ఎదురు తిరిగాడు. అతని ప్రయోగంలో గొట్టంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మూడింట రెండు వంతులకు తగ్గించినా అది పట్టుకునే వేడిలో మార్పు అర శాతం కూడా కనిపించలేదు. ఉన్నదే సరిపోయిందనే నేటి వాదం పుట్టుక అదే. దాంతో అరీనియస్ మాట చాలాకాలం మూలపడింది. 1938లో గై కాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు దాదాపు 150 కేంద్రాల ఉష్ణోగ్రతలు పోగుచేసి భూమి వేడెక్కుతోందని చూపినా నిపుణులు అంతగా పట్టించుకోలేదు. ఆ వేడిమి మేలే చేస్తుందని అతను అనుకున్నాడు.

ఆంగ్‌స్ట్రామ్ కొలతలో కంటే దాని నుంచి తీసిన తీర్పులోనే పెద్ద లోపం ఉంది. వాతావరణం ఒక గొట్టం కాదు, పొర మీద పొర. కింది పొరలో పట్టుబడిన వేడి అక్కడే ఉండిపోదు. ఆ పొర దాన్ని మళ్లీ విడుస్తుంది, పై పొర అందుకుంటుంది. గాలి బాగా పలచబడిన ఎత్తుకు చేరాకే అది అంతరిక్షంలోకి తప్పించుకోగలదు. అంత ఎత్తున నీటి ఆవిరి బహు స్వల్పం, కాబట్టి అక్కడ అడ్డుపడేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడే. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి తప్పించుకునే ఆ మట్టం ఇంకా పైకి, ఇంకా చల్లని చోటికి జరుగుతుంది; చల్లని పొర తక్కువ వేడిని విడుస్తుంది కాబట్టి, లెక్క సరితూగేదాకా కింద నేల వేడెక్కక తప్పదు. 1956లో గిల్బర్ట్ ప్లాస్ ఈ పొరల లెక్కను కంప్యూటర్‌తో చేశాడు. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ గాలి పైకీ కిందికీ కదలడాన్ని కూడా కలిపి, రెట్టింపుకు సుమారు 2.3 డిగ్రీలని తేల్చారు. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

తర్వాతిది కొలతల కాలం. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద చార్ల్స్ కీలింగ్ కొలిచినప్పుడు పది లక్షల పాళ్లకు సుమారు 315గా ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. 1970లోనూ 1997లోనూ ఉపగ్రహాలు నమోదు చేసిన కిరణాలను పోల్చి చూస్తే, సరిగ్గా ఈ వాయువు అడ్డుకునే తరంగాల దగ్గర బయటికి పోయే వేడి తగ్గింది. నేల మీద అమెరికాలోని ఓక్లహోమా, అలాస్కాల్లో 2000 నుంచి 2010 వరకు చేసిన కొలతల్లో, ఈ వాయువు పది లక్షలకు 22 పాళ్లు పెరగగా, దాని వల్ల కిందికి తిరిగి వచ్చే వేడి చదరపు మీటరుకు 0.2 వాట్లు పెరిగింది.

రెండో అభ్యంతరంలో కొంత నిజం లేకపోలేదు: ఈ వాయువు ప్రభావం పాళ్లతో సమంగా పెరగదు, ప్రతి రెట్టింపుకూ ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతుంది. ఆ రెట్టింపు విలువను ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నాటి నివేదిక 3 డిగ్రీల చుట్టూ, 2.5 నుంచి 4 లోపు ఉంచింది. అంత ఎడం మిగిలి ఉండటానికి ముఖ్య కారణం మబ్బులు, వేడెక్కిన లోకంలో అవి ఎలా మారతాయన్నది.