నల్లమల మీద వేలాడిన తీగ చుట్ట: సొరంగం సర్వే వెనక కథ

2025 నవంబర్ 3న నాగర్‌కర్నూల్ జిల్లా మన్నెవారిపల్లి నుంచి ఒక హెలికాప్టర్ అడవి మీదికి వెళ్లింది. కింద తాళ్లకు సుమారు 25 మీటర్ల వ్యాసమున్న తీగ చుట్ట వేలాడుతోంది. ముఖ్యమంత్రి వచ్చి చూశారు కాబట్టి టీవీల్లోనూ బాగానే కనిపించింది. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో అప్పటికి ఇంకా తవ్వాల్సింది తొమ్మిదిన్నర కిలోమీటర్లు. ఆ దారిలో రాయి ఎక్కడ చితికి ఉంది, ఎక్కడ నీళ్లు పట్టి ఉంది అని తెలుసుకోవడమే సర్వే ఉద్దేశం. చేసింది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. ఇలాంటి సర్వే మామూలుగా సొరంగం వెళ్లే దారి (అలైన్‌మెంట్) ఖరారు కాకముందు జరగాలి. ఇక్కడ మాత్రం పథకం మంజూరైన ఇరవై ఏళ్లకు జరిగింది.

శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీల నీటిని నల్గొండకు మళ్లించే ఈ పథకం 2005లో మంజూరైంది. సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. దోమలపెంట వైపు నుంచి ఒక టీబీఎం (సొరంగం తొలిచే యంత్రం), మన్నెవారిపల్లి వైపు నుంచి ఇంకొకటి. పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో అడిట్లు (పక్క నుంచి లోపలికి తవ్వే దారులు) పెట్టే వీలు లేకపోయింది, దారి పొడవునా పైనుంచి బోర్లు వేసి రాతి కోర్లు (కడ్డీల్లాంటి రాతి నమూనాలు) తీసే వీలూ లేకపోయింది. కోర్లు చాలినన్ని లేకుండా ఇంత లోతైన సొరంగం తవ్వడమంటే పైన కనిపించే రాయిని, రెండు చివర్లలో తగిలిన రాయిని చూసి మధ్యలో ఏముందో ఊహించుకోవడమే.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి, నీళ్లూ బురదా ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బయటికి తేగలిగింది రెండు మృతదేహాలనే. సరిగ్గా ఆ చుట్టుపక్కలే, 13.88–13.91 కిలోమీటర్ల మధ్య, రాయి బలహీనంగా ఉందని, నీళ్లు ఉండొచ్చని 2020లో సొరంగం లోపల చేసిన సీస్మిక్ పరీక్ష (రాతిలోకి కంపనాలు పంపి చూసేది) చెప్పినట్టు ప్రమాదం తర్వాత పత్రికల్లో వచ్చింది. అందుకే ఈ కథను పరికరాల లేమి కథగా మాత్రమే చదవకూడదు.

సహాయక చర్యల్లో నేల లోపలికి చూసే గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ వాడారు. హెలికాప్టర్ సర్వేలాగే అదీ విద్యుదయస్కాంత పద్ధతే, కాకపోతే మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. ఎండిన గ్రానైట్‌లో పదుల మీటర్లు చూస్తుంది. తడి బంకమట్టిలోకి దించితే మీటరో రెండు మీటర్లో వెళ్లి ఆరిపోతుంది. ఇనుము అడ్డొస్తే అక్కడి నుంచే వెనక్కి కొడుతుంది. టీబీఎం ముక్కలు, పైపులు, బురద కలిసిపోయిన శిథిలాల్లో దాన్నుంచి ఎంత ఆశించవచ్చో అంతే.

హెలికాప్టర్ పద్ధతి వేరు, వయసులో పెద్దది కూడా. తీగ చుట్టలో కరెంటు మార్చి నేలలో కరెంటు పుట్టించి ఖనిజాలు వెతకడం స్వీడన్‌లో 1920ల నాటికే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కెనడా వాళ్లు దాన్ని విమానానికి కట్టారు. అక్కడి న్యూ బ్రన్స్‌విక్‌లో హీత్ స్టీల్ ఖనిజ నిక్షేపం 1950ల మొదట్లో అలాగే బయటపడింది. కరెంటును నడుపుతూ కొలవడం కాకుండా, ఠక్కున ఆపేసి ఆ తర్వాత నేలలో మిగిలేదాన్ని కొలిచే పద్ధతిని ఆంథనీ బారింజర్ 1950ల చివర్లో గాల్లోకి తెచ్చారు. నల్లమల మీద తిరిగింది ఈ రెండో రకమే.

అది పనిచేసే తీరు ఇదీ. చుట్టలో వందల ఆంపియర్ల కరెంటు పంపి ఆపేస్తారు. ఆ క్షణాన నేలలో సుడి కరెంట్లు పుడతాయి. అవి కిందికీ పక్కలకూ పాకుతూ బలహీనపడతాయి. వాటి నుంచి వచ్చే అయస్కాంత సంకేతాన్ని రిసీవర్ చుట్ట మైక్రోసెకన్ల నుంచి పది మిల్లీసెకన్ల దాకా నమోదు చేస్తుంది. ముందు వచ్చేది పైపొర సంగతి, ఆలస్యంగా వచ్చేది లోతు సంగతి. రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 100 ఓమ్-మీటర్లున్న నేలలో ఒక మిల్లీసెకను గడిచేసరికి దాదాపు 400 మీటర్ల లోతు అందుతుంది. 10,000 ఓమ్-మీటర్ల గట్టి రాయిలో అదే లోతు 10 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. అప్పటికి పరికరం ఇంకా కొలతే మొదలుపెట్టి ఉండకపోవచ్చు. అందుకే 3,000 ఓమ్-మీటర్ల రాయికీ 10,000 ఓమ్-మీటర్ల రాయికీ ఇది తేడా చెప్పలేదు. క్వార్ట్‌జైట్ ఎక్కడ ఆగింది, గ్రానైట్ ఎక్కడ మొదలైంది అని దీన్ని అడిగి లాభం లేదు. తడి బంకమట్టి నిండిన పగులు వెడల్పుగా ఉంటే మాత్రం పట్టేస్తుంది.

కెనడాలో ఇది ఖనిజం కోసం పుట్టింది. డెన్మార్క్‌లో తాగునీరు దాదాపు అంతా భూగర్భ జలమే కావడంతో 2000ల మొదట్లో ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్లు నీటి పొరల కోసమే స్కైటెమ్ అనే హెలికాప్టర్ పరికరాన్ని తయారుచేశారు. పై పొరలకు తక్కువ బలంతో, లోతుకు ఎక్కువ బలంతో మార్చి మార్చి కరెంటు పంపడం దాని కిటుకు. మన దేశంలో 2013–14 ప్రాంతంలో ఎన్‌జీఆర్‌ఐ దాన్ని తెప్పించి పట్నా, జైసల్మేర్, దౌసా, నాగ్‌పూర్, తుమకూరు, కడలూరు ప్రాంతాల్లో ఎగరేయించింది. మనకు దగ్గరి పోలిక తుమకూరు. తెలంగాణలోలాగే అక్కడా పైన మొరం, కింద గట్టి రాయి. మొరం ఎంత మందం ఉందో మ్యాపు చక్కగా చూపింది. వంద మీటర్ల కింద బోరులో తగిలే జానెడు గ్యాప్‌ను ఏ హెలికాప్టరూ చూపలేదు. ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగా యమునల మధ్య ఇసుక నిండిన 45 కిలోమీటర్ల పాత నది బయటపడింది కూడా ఈ పద్ధతితోనే. 2021 అక్టోబర్‌లో జోధ్‌పూర్ నుంచి మొదలై రాజస్థాన్, గుజరాత్, హర్యానాల్లో దాదాపు లక్ష చదరపు కిలోమీటర్ల సర్వే నడిచింది.

ఊళ్ల మీద ఎగరేస్తే పెద్ద తలనొప్పి కరెంటు తీగలు. మోటార్లకు వెళ్లే లైన్లు, ఇనుప కంచెలు చుట్ట పంపిన పల్స్‌కు తామూ స్పందిస్తాయి, ఆ సంకేతం నేలలో మంచి వాహకం ఉన్నట్టే కనిపిస్తుంది. లైనుకు అటూ ఇటూ 100–150 మీటర్ల డేటాను తీసేయాల్సిందే. లైన్లలో పారే కరెంటు చేసే 50 హెర్ట్జ్ గోలను మాత్రం తెలివిగా తప్పిస్తారు. సెకనుకు 25 ఆవృత్తాలతో, ఒకటి విడిచి ఒకటి పల్స్ దిశ తిప్పుతారు. పక్కపక్క పల్స్‌ల మధ్య 20 మిల్లీసెకన్లు, అంటే కరెంటుకు సరిగ్గా ఒక ఆవృత్తం. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే ఆ గోల దాదాపు పోతుంది.

నల్లమలలో కరెంటు లైన్ల బెడద తక్కువ, లోతు బెడద ఎక్కువ. సొరంగం చాలాచోట్ల నేల మట్టానికి 400 మీటర్లకు పైగా కింద ఉంది. లోతు పెరిగేకొద్దీ చూపు వెడల్పవుతుంది. 400 మీటర్ల కింద ఒక కొలత వందల మీటర్ల రాయికి సగటు. కూలిన చోట అనుమానించిన బలహీన రాయి 30 మీటర్ల పొడవే. కొండలెక్కి దిగే హెలికాప్టర్ చుట్టను నేలకు 40 మీటర్ల దగ్గర ఉంచలేకపోతే సంకేతం ఇంకా చిక్కిపోతుంది. పైగా మ్యాపులో తక్కువ రెసిస్టివిటీ కనిపిస్తే అది నీళ్లా, బంకమట్టా, గ్రాఫైట్ ఉన్న షేలా అన్నది బోరు వేసే తేల్చుకోవాలి. ఇక్కడ వేయలేకపోతున్నది ఆ బోరే.

కాబట్టి ఈ మ్యాపును ముందు ఎక్కడ ఆగి చూడాలో చెప్పే జాబితాగా వాడుకోవాలి. మిగిలిన భాగాన్ని టీబీఎంతో కాకుండా డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో తవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పద్ధతిలో సొరంగం ముఖం, అంటే తవ్వుతున్న చివరి గోడ, యంత్రం అడ్డు లేకుండా ఖాళీగా దొరుకుతుంది. అనుమానమున్న చోటికి వంద మీటర్ల ముందే వేగం తగ్గించి, ముఖం నుంచి 30 మీటర్ల ప్రోబ్ హోల్స్ (ముందు ఏముందో చూసే సన్న రంధ్రాలు) రెండో మూడో వేయాలి, పాత రంధ్రం చివరి 5–10 మీటర్లు మిగిలుండగానే కొత్తది మొదలుపెట్టాలి. రంధ్రం నోట్లో వాల్వు బిగించి నీటి ఒత్తిడి కొలవాలి, ఎక్కువుంటే తవ్వకం ఆపి గ్రౌటింగ్ చేయాలి, అంటే పగుళ్లలోకి సిమెంటు ఎక్కించాలి. రంధ్రంలోంచి వచ్చిన రాతి పొడిని మ్యాపు పక్కన పెట్టి చూస్తే, అందులోని నీలి మచ్చ (తక్కువ రెసిస్టివిటీ ఉన్న చోటు) నీళ్లో మట్టో మొదటిసారి తెలిసేది అప్పుడే.