నెల తప్పగానే మాత్రలు మానేస్తున్నారా?

తిరుపతిలో మా వీధిలో ఒకమ్మాయికి పెళ్లికి ముందు నుంచే థైరాయిడ్. నెల తప్పిందని తెలిసిన రోజే వాళ్లత్త "ఇంక ఆ మాత్రలు మానేయ్ మే, బిడ్డకు వేడి చేస్తుంది" అనేసింది. ఆ పిల్ల మానేసింది. రెండు నెలల తర్వాత రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది) బాగా పెరిగిందని తేలేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అత్తది ప్రేమే, లెక్కే తప్పింది. దాదాపు 12వ వారం దాకా కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు. మొదలయ్యాక కూడా ఆ గ్రంథి కుదురుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డ మెదడు ఎదగాలంటే తల్లి హార్మోనే దిక్కు. అందుకే లెవోథైరాక్సిన్ (ఆ థైరాయిడ్ మాత్రే) మోతాదు చాలామందికి 25 నుంచి 50 శాతం దాకా పెంచాల్సి వస్తుంది. పైగా ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మింగితే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే అన్నీ ఒక్క గుక్కలో మింగేసి పని అయిపోయిందనుకునేవాళ్లు ఎంతమందో!

అలాగని పాత మందులన్నీ కొనసాగించొచ్చా? అదీ కాదు. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్‌నే చూడండి. ఆ మందు మీదున్న తల్లుల పిల్లల్లో వందకు సుమారు పదిమందికి పెద్ద అవయవ లోపాలు వస్తాయి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే సరిగా మూసుకోవాలి, లేకుంటే లోపం మిగిలిపోతుంది. కిట్‌లో రెండు గీతలు చూసి, ఇంట్లో చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. పోనీ భయపడి ఉన్నట్టుండి ఆపేస్తే, ఫిట్స్ తిరగబెట్టి తల్లీబిడ్డల ప్రాణాల మీదికే రావచ్చు. మందు మార్చే మాట, ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాట బిడ్డ కావాలనుకున్నప్పుడే ఎత్తాలి. పెళ్లి మాటలప్పుడు ఫిట్స్ సంగతి దాచిపెట్టే ఇళ్లలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు.

బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్ ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ మానకూడదు. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది.

విచిత్రమేమిటంటే, షుగర్ ఉన్న గర్భిణులు ఎక్కువగా భయపడేది ఇన్సులిన్ సూదికి. కడుపులో తల్లినీ బిడ్డనూ కలిపే మాయ జల్లెడ లాంటిది. చిన్న అణువులున్న మందులు చాలావరకు అందులోంచి బిడ్డకు చేరతాయి. ఇన్సులిన్ అణువు పెద్దది, దాదాపు తల్లి వైపే ఆగిపోతుంది. అదే నడుము నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌ను ఎవరూ అనుమానించరు. 20 వారాల తర్వాత అది ఉమ్మనీరు తగ్గించే ప్రమాదం ఉంది.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సంచిలో వేసుకెళ్లండి.

మా వీధి అమ్మాయికి మోతాదు పెంచారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఐరన్ మధ్యాహ్నం అన్నం తిన్నాక. టైముకు గుర్తుచేసేది ఆ అత్తే. మాత్ర వేసుకున్న అరగంట దాకా కాఫీ ఇవ్వదని మాత్రం కోడలు గొణుగుతోంది.