తమ్ముడి క్యారియర్ కొనే ముందు

ప్రియమైన పిల్లలూ,

నిన్న ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి "అమ్మమ్మా, తమ్ముడికి బేబీ క్యారియర్ కొంటున్నాం, ఏ రంగుది కొనమంటావు?" అని అడిగారు. రంగు మీ ఇష్టం. కానీ పదకొండు రోజుల పసిగుడ్డుని ఒంటికి కట్టుకుని ఎత్తుకునేది కొనేటప్పుడు రంగుకన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఫోన్లో చెబితే మర్చిపోతారని రాస్తున్నాను. అమ్మకీ నాన్నకీ కూడా చదివి వినిపించండి.

ముందు ఒక పని చేయండి. నోరు మూసుకుని, గడ్డం ఛాతీకి ఆనేలా తల బాగా వంచి, ముక్కుతో నాలుగుసార్లు ఊపిరి పీల్చండి. ఇబ్బందిగా ఉంది కదూ? మీరైతే వెంటనే తల ఎత్తేస్తారు. తమ్ముడు ఎత్తలేడు. వాడికింకా మెడ నిలవలేదు. వాడి పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. అంత బరువు మోసే బలం ఆ మెడకి లేదు. గాలి వెళ్లే గొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది. గడ్డం ఛాతీకి ఆనుకుంటే, మడతపడిన నీళ్ల పైపులా అది మూసుకుపోవచ్చు. పైగా ఈ వయసులో ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి ముక్కుకి గుడ్డ అడ్డుపడినా కష్టమే. అలాంటప్పుడు ఏడుపు వినిపిస్తుందిలే అనుకోకండి. ఏడవాలన్నా ఊపిరి ఆడాలి కదా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మీ పిన్ని కూతురికి నెల నిండకముందు నేనే ముచ్చటపడి సంచిలా వేలాడే జోలె ఒకటి కొన్నాను. పాపని అందులో పడుకోబెట్టి, భుజానికి తగిలించుకుని వరండాలో తిరుగుతున్నాను. హాయిగా నిద్రపోతోందనుకున్నాను. పక్కింటి ఏడేళ్ల పిల్లాడు నా పక్కనే నడుస్తూ, "పాప ముఖం గుడ్డలోకి పోయింది" అన్నాడు. వంగి చూస్తే వీపు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి కూరుకుపోయి, ముక్కు గుడ్డకి నొక్కుకుని ఉంది. బయటికి తీయగానే పెద్దగా ఊపిరి పీల్చి ఏడ్చింది. నా చేతుల వణుకు మాత్రం చాలాసేపటిదాకా తగ్గలేదు. ఇలాంటి జోలెల్లో పిల్లలకి ఊపిరాడని ప్రమాదం ఉందని, నాలుగు నెలల లోపు వాళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2010లోనే హెచ్చరించిందని తర్వాత చదివాను.

అందుకే జోలె వద్దు. తమ్ముడు నిటారుగా, పొట్ట అమ్మ ఛాతీకి ఆనేలా ఉండాలి. అమ్మ తల వంచితే వాడి నెత్తి మీద ముద్దుపెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి. గడ్డం కింద కనీసం ఒక వేలు దూరాలి. గుడ్డ బిగుతుగా ఉండాలి, వదులైతే వాడు లోపలికి జారిపోయి ముడుచుకుపోతాడు. ముక్కూ నోరూ ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. ఈ కాపలా పని మీది కూడా. పెద్దవాళ్లకి పైనుంచి ఒక్కోసారి నెత్తి మాత్రమే కనిపిస్తుంది, మీ ఎత్తు నుంచి వాడి ముక్కు చక్కగా కనిపిస్తుంది.

తర్వాత కాళ్లు. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి, తుంటిలో గిన్నెలాంటి చోట కూర్చుంటుంది. పసిపిల్లల్లో ఆ గిన్నె ఇంకా గట్టిపడదు. మొదటి ఆరు నెలలు దానికి చాలా ముఖ్యం. అందుకే కాళ్లు తిన్నగా వేలాడకూడదు. గొంతుకూర్చున్నట్టు మోకాళ్లు పిరుదులకన్నా కాస్త పైకి ఉండాలి, గుడ్డ ఒక మోకాలి మడత నుంచి ఇంకో మోకాలి మడత దాకా తొడల్ని పట్టి ఉంచాలి.

ఇక రకాలు. సాగే గుడ్డతో చుట్టుకునే పొడవాటి ర్యాప్ ఈ వయసుకి బాగుంటుంది, కట్టుకోవడం నేర్చుకోవాలి. గుడ్డని రెండు రింగుల్లోంచి లాగి బిగించుకునే రింగ్ స్లింగ్ త్వరగా వేసుకోవచ్చు, బరువంతా ఒక భుజం మీదే పడుతుంది. బకిల్స్ ఉన్నది నాన్నకి సులువు. కానీ లేబుల్ మీద కనీస బరువు చూడమనండి. చాలావాటికి మూడు కిలోల పైనే ఉంటుంది. కొన్నిటికి పసిపిల్లల కోసం లోపల అమర్చే మెత్త, అంటే ఇన్సర్ట్, విడిగా కొనాలి. దాని బదులు ఇంట్లో దిండు పెట్టి సర్దకూడదు. మెత్తటి క్యారియర్లకి అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్2236, యూరప్‌లో ఈఎన్ 13209-2 అనే భద్రతా ప్రమాణాలున్నాయి. అవి లేబుల్ మీద ఉంటే మంచిది. ముఖం బయటికి తిప్పి కట్టడం మెడ నిలిచేదాకా వద్దే వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, జలుబుతో ముక్కు మూసుకుపోయినా ముందు డాక్టర్ గారిని అడగాల్సిందే.

కొన్నాక మొదట మీ బొమ్మని అందులో పెట్టి కట్టుకుని చూసుకోమని అమ్మకి చెప్పండి. కుట్లు, బకిల్స్ ప్రతిసారీ మీరూ చూడండి. పొయ్యి దగ్గరికి వెళ్లేటప్పుడు, సైకిల్ ఎక్కేటప్పుడు తీసేయాలి. కారులో అయితే క్యారియర్ కాదు, పిల్లల కారు సీటే వాడాలి. కింద వస్తువు తీయాలంటే నడుము కాదు, మోకాళ్లు వంచాలి.

ఇదంతా చదివి అమ్మకి టెన్షన్ వస్తే, ఇది కూడా చదవండి. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో చేసిన ఒక పరిశోధనలో, రోజూ మరికొంతసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. సరిగ్గా కట్టుకుంటే వాడికీ హాయి, అమ్మ చేతులకీ విశ్రాంతి.

ఈసారి డాక్టర్ గారు తూచినప్పుడు తమ్ముడి బరువెంతో రాసి పంపండి. ఏది కొనాలో అప్పుడు చూద్దాం.

మీ
అమ్మమ్మ